ఐదో బొమ్మలో ముక్కు

కోడలు వేసే బొమ్మల్లో మనుషులకు ఎముకలు ఉండేవి కావు. ఆస్పత్రిలో కీళ్ళు పట్టేసినవాళ్ళ చేత వ్యాయామాలు చేయించడం ఆమె ఉద్యోగం. ఆ పనిలో ఆమెకు వంక పెట్టేవాళ్ళు లేరు. రోగులు ఇంటికి పట్టుకెళ్ళే కాగితాల మీద బొమ్మలతోనే వచ్చింది చిక్కంతా. మొన్నొకాయన బొమ్మలో ఉన్నట్టే మోచెయ్యి వెనక్కి విరవబోయి, ఉన్న నొప్పికి తోడు కొత్తది తెచ్చుకున్నాడు. పెద్ద డాక్టరు ఆ కాగితం పైకెత్తి, ఇది మనిషా, బట్టలారేసిన దండెమా అని అందరి ముందూ అడిగాడు. నెలాఖరుకల్లా భుజం వ్యాయామానికి ఐదు సరైన బొమ్మలు కావాలన్నాడు. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

ఇంట్లో ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపి దిగిన మామగారున్నారు. అత్తగారు పోయిన దగ్గర్నుంచి ఆయన కిటికీ పక్క కుర్చీ వదలడం లేదు, కుడి చెయ్యి భుజం దాటి లేవడం లేదు. వ్యాయామం చేయమంటే ససేమిరా అనేవారు. బొమ్మకు ఎదురుగా మనిషి నిలబడాలి అని కోడలు అడిగితే మాత్రం, చొక్కా మార్చుకుని మరీ వచ్చారు.

గోడకు ఎదురుగా నిలబడి వేళ్ళు ఆనించాలి. మొదటి బొమ్మకు నడుము ఎత్తున, తర్వాత ఛాతీ, భుజం, చెవి, చివరికి తల పైన. రోజూ సాయంత్రం అరగంట. కదలకుండా నిలబడడంలో మామగారు ఘనులే గానీ, నోరు ఊరుకునేది కాదు. తన తల గుమ్మడికాయంత వేసిందన్నారు. బొమ్మలోలా మోకాలి దాకా వచ్చే చెయ్యే ఉంటే, డ్రైవరు సీట్లో కూర్చునే వెనక టికెట్లు కూడా కొట్టేవాణ్ణన్నారు.

"నీకు తెలిసింది వేస్తున్నావమ్మా, కనిపించేది వేయట్లేదు. అద్దంలో వెనక బండిని చూసినట్టు చూడు. ఏది ఎంత దూరంలో ఉందో ముందు తేల్చుకో."

ఆమె పెన్సిలు చాచి పట్టుకుని ఆయన తల కొలిచింది. ఒళ్ళంతా కలిపి అలాంటి తలలు ఏడు వచ్చాయి. కిందికి వదిలిన ఎడమ చెయ్యి తొడ మధ్యలోనే ఆగిపోయింది. ఇన్నేళ్ళుగా వందల చేతులు పట్టుకుని కూడా ఈ సంగతి చూడనందుకు ఆమెకు సిగ్గేసింది.

నాలుగో బొమ్మకు ఆయన పళ్ళు బిగించారు. రబ్బరు వెతికే వంకతో ఆమె మధ్యమధ్యలో కూర్చోబెట్టింది. ఐదోదానికి పది రోజులు పట్టింది. ఆలస్యం చేతిదో, బొమ్మదో ఇద్దరూ పైకి అనలేదు.

నెలాఖరున పెద్ద డాక్టరు కిక్కురుమనకుండా ఆ బొమ్మల నకళ్ళు తన గది గోడకు అంటించాడు. ఆమె ఇంటికొచ్చి ఆ మాట చెప్పి, రేపటి నుంచి మామయ్య నిలబడక్కర్లేదంది.

"మంచిదమ్మా," అన్నారాయన. పెన్సిళ్ళ డబ్బా తీసి కుడిచేత్తో బీరువా మీద పెట్టేశారు. తర్వాత కుర్చీలో కూర్చుని కిటికీ వైపు తిరిగారు. ఆ అరగంట తప్ప ఆయనకు రోజులో ఇంకేమీ లేదు.

కాసేపటికి ఆయన అటే చూస్తూ అన్నారు. "ఐదో బొమ్మలో ముక్కు నాది కాదేమో."

ఆమె కాగితం తీసి చూసింది. కొస కాస్త కిందికి వంగి, అచ్చం ఆయన ముక్కే.

"నిజమే మామయ్యా, కుదరలేదు," అంటూ రబ్బరు తీసుకుని ముక్కు చెరిపేసింది. "రేపు మళ్ళీ నిలబడండి."