వడగళ్ల నాటి తొలి రోజా

ఆ ఏడు రంజాను నెల మార్చి ఎండల్లోకి వచ్చింది. మామిడిపల్లిలో షుజాత్ ఇంటి వాకిలి పొద్దెక్కకముందే కాలు మోపనివ్వడం లేదు. అటువంటి రోజుల్లో, తొమ్మిదేళ్లయినా నిండని అతడి చిన్నకూతురు నూరీన్ తన మొదటి రోజా ఉపవాసం ఉంటానని పట్టుబట్టింది. తల్లి వద్దంది. అక్క ఐమన్ నవ్వింది. తీర్పు మాత్రం నాయనమ్మ, దాదీ చేతిలో ఉంది.

షుజాత్ తల్లి షహజాది ఎవరినీ గట్టిగా మందలించిన మనిషి కాదు. ఆమె ముందుగా నియమం చెబుతుంది. ఆ పైన దానిని కొడుకుకూ, కోడలికీ, మనవరాళ్లకూ, తనకూ ఒకే విధంగా వర్తింపజేస్తుంది. ఇంట్లో అందరూ ఆమెకు భయపడడానికి కారణం కోపం కాదు, ఈ సమానత్వమే.

తెల్లవారుజామున సహరీ అన్నం ముందు కూర్చోబెట్టి ఆమె నూరీన్‌తో చెప్పింది: "కడుపు మాడ్చుకుంటె రోజా గాదు, బేటీ. నాలుకకు గూడ రోజానే. అబద్ధం వద్దు, చాడీ వద్దు, దాసిపెట్టుడు వద్దు. ఇందుల ఒక్కటి చేసినా నేను ఒప్పుకోను. సాయంత్రం బాలాపూర్‌కెల్లి మీ నానీ కొత్తబట్టలు తెస్తది గద, వాపస్ తీస్కపొమ్మంట."

"మరిచిపోయి నీళ్లు తాగితే, దాదీ?" అంది ఐమన్. "నల్లా కనబడితే దీని నోరు దానంతట అదే తెరుసుకుంటది."

"మరిచి తాగింది అల్లా తాపినట్టే. దానికి రోజా పోదు. తెలిసి దాస్తెనే పోతది."

నూరీన్ ఆ మాటను మంత్రంలా పట్టుకుంది. ఆ రోజంతా నల్లా వైపు వెళ్లలేదు. పెదవులు ఎండిపోతుంటే వాటిని నాలుకతో తడపడం కూడా తప్పేమోనని ఊరుకుంది.

విమానం దగ్గరికి ప్రయాణికులను చేరవేసే బస్సు నడుపుతాడు షుజాత్. ఆ రోజు అతడికి రాత్రి డ్యూటీ. సాయంత్రపు అసర్ నమాజు ముగించుకొని వచ్చేసరికి తుక్కుగూడ వైపు ఆకాశం నేరేడుపండు రంగుకు తిరిగి ఉంది. ఇంటి మీదుగా ఎడతెగకుండా దిగే విమానాలు ఒక్కటీ కనిపించలేదు. ఆ మోత లేని ఆకాశం ఎంత లోతైనదో ఆ ఇంటివారికి మొదటిసారి తెలిసింది.

ముందు గాలి వచ్చింది. తరువాత రేకుల మీద ఎవరో జొన్నలు కుమ్మరించినట్టు చప్పుడు. చూస్తుండగానే పేలాలంతటి, ఆపైన చింతగింజలంతటి తెల్లని రాళ్లు ఆకాశమంతా నిండి రాలసాగాయి. వాకిలి తెల్లబడింది. గోడ తెల్లబడింది. తులసమ్మలా పెంచుకున్న కరివేపాకు చెట్టు కింద కాలి కడియంలా ఒక తెల్లని కట్ట ఏర్పడింది. కొంతసేపటికి మంచు మీదే మంచు పడుతుండడంతో చప్పుడు కూడా మెత్తబడింది. కాలిన బండల నుంచి ఆవిరి లేచి ఆ తెల్లదనం మీద పొగలా నిలిచింది. ఇల్లు నేలను వదిలి మేఘాల్లోకి చేరినట్టుంది.

"కశ్మీర్ వచ్చింది, అమ్మీ! మన గల్లీకే వచ్చింది!" అని ఐమన్ పరుగెత్తింది.

రాళ్ల ఉధృతి తగ్గగానే అందరూ వాకిట్లోకి దిగారు. తల్లి దుపట్టా చాచి పట్టింది. ఐమన్ గుప్పెళ్లతో ఉండలు చేసి తండ్రి వీపు మీద విసిరింది. షుజాత్ కేకవేసి, వంగి, దోసెడు రాళ్లు ఎత్తుకొని, చిన్ననాడు ఈ నేల మీద ప్రతి పిల్లవాడూ చేసిన పనే చేశాడు. ఒక రాయిని నోట్లో వేసుకున్నాడు. మరొకటి భార్య నోటికి అందించాడు. ఐమన్ రెండు బుగ్గల్లోనూ చెరొకటి పెట్టుకొని నవ్వింది.

నూరీన్ కూడా ఒకటి ఏరుకుంది. అది పెదవికి తగలగానే ఉలిక్కిపడి ఆగింది. ఏళ్ల తరబడి రోజాలు ఉన్నవారికి ఉపవాసం శ్వాసలాంటిది. ఉన్నదని గుర్తుండదు. ఆ పిల్లకు మాత్రం తెల్లవారినప్పటి నుంచి అది తప్ప మరొక ఆలోచన లేదు.

"అబ్బా!" అని తండ్రిని పిలిచింది. చప్పుళ్లలో అతడికి వినిపించలేదు.

అప్పుడే దాదీ మెట్టు దిగి వచ్చింది. మునివేళ్లతో వెతికి ముత్యంలాంటి ఒక రాయిని ఏరి నోట్లో వేసుకొని కళ్లు మూసుకుంది. నూరీన్ చేయి చాస్తే అందేంత దగ్గరలో ఉంది. ఆమె నుదుటి మీది ముడతలు ఒక్కొక్కటే విడిపోయాయి. పెదవుల మీదికి ఒక చిరునవ్వు వచ్చింది. అది ఎవరి కోసమూ కాదు. ఆ ముఖం నూరీన్‌కు తెలిసిన దాదీది కాదు. తనతో ఆడుకోవడానికి వచ్చిన ఎవరో చిన్నపిల్లది.

చెప్పాలి. ఒక్క మాట చాలు. నూరీన్ నోరు తెరిచి మళ్లీ మూసుకుంది. దాదీ గొంతులో చివరి చల్లదనం దిగేదాకా చూస్తూనే ఉంది.

ఇంతలో ప్రహరీ అవతలి నుంచి మత్తయ్య కేక వినిపించింది. అతడు పక్క మడిలో కూరగాయలు పండించే మనిషి. "షుజాత్ అన్నా! బీర పందిరి మొత్తం పండుకున్నదే! జర చెయ్యెయ్యరాదు!" అంటూ గోడ మీదుగా తొంగిచూసి ఆశ్చర్యపోయాడు. "అరే! మీకు ఒక్కపొద్దు గాదా? బుగ్గల ఏంది అది?"

షుజాత్ నోట్లోది ఉమ్మేశాడు. తల్లి దుపట్టా నోటికి అడ్డం పెట్టుకుంది. ఐమన్ రెండు రాళ్లూ ఉమ్మేసి, "తోబా, తోబా!" అంటూ చెంపలు వేసుకుంది.

"నేను గూడ తిన్న," అంది షహజాది, ఎవరూ అడగకముందే.

"మరిచి తిన్నం, అమ్మీ. ఏం కాదు," అన్నాడు షుజాత్.

"కాదని నేనే చెప్పిన. నాకే చెప్తున్నవా? ముందు పో, పందిరి లేపు. మన వాకిట్ల పడ్డదే ఆయన మడిల పడ్డది. మనకు తమాషా అయింది, ఆయనకు పంట పోయింది. అందరు పోండ్రి."

"అమ్మా, చాయ్ గూడ అడుగుతలేను చూడు," అన్నాడు మత్తయ్య నవ్వు తెచ్చుకుంటూ. "మాకూ శ్రమకాలమే. ఈస్టర్ దాంక చాయ్ ఇడిసిపెట్టిన."

ముగ్గురూ అతడి వెంట వెళ్లారు. కదలబోయిన నూరీన్‌ను దాదీ చూపుతోనే ఆపింది.

"నువ్వు తిన్నవా?"

"లే, దాదీ. పెదవికి తగలంగనే యాదికొచ్చింది."

"అప్పుడు నేనేడున్న?"

"మెట్టు దిగుతున్నరు."

"నోట్ల ఏసుకునుడు చూసినవా?"

చూడలేదంటే అడిగేవారు లేరు. కొత్తబట్టలు దారిలో ఉన్నాయి. నూరీన్ పాదాల చుట్టూ తెల్లదనం మెల్లగా నీరవుతోంది. ఆ పిల్ల దాన్నే చూస్తూ, "చూసిన," అంది.

"చెప్పలే."

"చెప్పలే."

"ఎందుకు?"

"మీ మొఖం గట్ల ఎన్నడు చూడలే, దాదీ. నేను చెప్తె మీరు ఊంచేస్తుండె. మరిచి తిన్నది అల్లా పెట్టినట్టే అన్నరు గద. అల్లా పెట్టినదాన్ని నేనెట్ల గుంజుకుంట?"

పిల్లల వాదాన్ని నవ్వుతో తేల్చేయడం పెద్దలకు అలవాటు. అది అన్యాయమని షహజాది ఎరుగును. అందుకే ఆ వాదాన్ని తనతో సమానమైన మనిషి చెప్పినట్టే తూచి చూసింది.

"తప్పే," అంది చివరికి. "చూసినోళ్లు చెప్పాలె."

నూరీన్ కళ్లు నిండాయి. "అయితే నా రోజా పోయిందా?"

"నేను అడిగినంక దాసినవా?"

"లే."

"అబద్ధమాడినవా?"

"లే, దాదీ."

"అయితే ఎట్ల పోతది? ఉన్నది. మా అందరిదానికన్న గట్టిగున్నది." ఆమె తన కొంగుతో మనవరాలి చెంపలు తుడిచింది. తడి పెదవులకు తగలకుండా జాగ్రత్తగా తుడిచింది.

"తప్పన్నరు గద. మరి సజా?" అని అడిగింది నూరీన్. శిక్ష లేకుండా తప్పు తీరదనుకునే ఆ ఇంటి పిల్లే ఆమె కూడా.

"సజా ఉంటది." షహజాది మెట్టు మీద కూర్చుని, ఆవిరిలో కరిగిపోతున్న వాకిలిని చూసింది. "మల్ల ఎన్నడన్న గిట్ల పడితె, నేను మరిచి నోట్లేసుకుంటె, నువ్వు నాకు చెప్పాలె."

"చెప్త, దాదీ."

"ఊఁ," అందామె. తరువాత, గోడ అవతలి వాళ్లకు వినపడకుండా గొంతు తగ్గించి, "నోట్ల కరిగినంక చెప్పు," అంది.