చెవిలో చెప్పిన మాట

రేకుపెట్టెలు చేసే ముసలాయన చెవుల్ని నలభై ఏళ్ల సుత్తి మోత తినేసింది. ఎవరేమన్నా భార్య ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అరిచి చెప్పాల్సిందే.

దుకాణం లైసెన్సు కోసం ఇద్దరూ ఆఫీసు మెట్లెక్కడం ఇది నాలుగోసారి. ఇన్నాళ్లూ "రేపు రండి" అంటూ తిప్పించుకున్న గుమాస్తా ఈసారి అటూ ఇటూ చూసి, ఆమె వైపు వంగి గుసగుసలాడాడు.

"ఫీజు కట్టారు, సరే. ఇంకో రెండు వేలు నా చేతిలో పెడితే ఇప్పుడే ముద్ర పడుతుంది. మూడో కంటికి తెలియకూడదమ్మా."

ఆమెకి ఒళ్లు మండింది. అయినా మొగుడికి చెప్పకుండా ఆమె ఏనాడు ఏం చేసింది గనక!

"ఫీజు కాక ఇంకో రెండు వేలు ఈయన చేతిలో పెట్టాలట! మూడో కంటికి తెలియకూడదట!"

వరుసలో నిలబడ్డ పాతిక తలలూ గిరుక్కున ఇటు తిరిగాయి.

"రసీదు ఇస్తాడేమో కనుక్కో," అన్నాడు ముసలాయన తాపీగా.

గుమాస్తాకి ముచ్చెమటలు పోశాయి. "అమ్మా, మీకు దణ్ణం పెడతాను, కాస్త మెల్లగా!"

ఆమె మళ్లీ ఆయన చెవి దగ్గరికి వంగింది. "దణ్ణం పెడతాడట గానీ, రసీదు ఊసెత్తడం లేదు!"

పెద్దాఫీసరు గది తలుపు కిర్రుమంది. గుమాస్తా ముద్ర ఎత్తి కాగితం మీద దబ్బున గుద్దాడు.

ఆ చప్పుడొక్కటీ ముసలాయనకి ఎవరూ చెప్పకుండానే వినబడింది.