పురుగు కొరికిన ఆకులు

నవంబరు పద్నాలుగో తేదీ, మంగళవారం. ఆ మధ్యాహ్నం కాలేజీ ప్రయోగశాల పక్కనున్న ఇరుకు గదిలో మా మరదలూ నేనూ రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు తిన్నాం. గుడ్లు ఉడికించింది నేనే. పచ్చసొన చుట్టూ బూడిదరంగు తేలిందనీ, ఇంతసేపు ఉడికిస్తే పెట్టిన కోడికి కూడా జ్వరం తగులుతుందనీ ఆమె అంది.

ఆమె మా ఆవిడకి స్వయానా చెల్లెలు. చిన్నప్పుడు పీలగా ఉండేదని ఇంట్లో పిట్ట అనే పేరు పెట్టారు. ఇప్పుడు పిట్టంత లేదు గాని, ఆ మాట ఆమె ముందు అనే ధైర్యం ఎవరికీ లేదు. మా ఆవిడ పోయాక నాతో అందరూ గొంతు తగ్గించి, జబ్బు మనిషి పక్కన కూర్చున్నట్టు మాట్లాడటం మొదలుపెట్టారు. పిట్ట ఒక్కతే తగ్గించలేదు. అందుకు ఆమెకి కృతజ్ఞతలు చెబుదామని ఉంటుంది. చెబితే దాని మీద ఇంకో వారం నవ్వుతుందని ఊరుకుంటాను.

పిట్ట ఆ కాలేజీలో రసాయన శాస్త్రం చెబుతుంది. మిగిలిన వేళల్లో ఇనుముకి వైద్యం చేస్తుంది. ఇనుప లవణాలు నీళ్లలో కరిగించి, వేడి చేసి, మునగాకు కషాయం పోసి, పైన క్షారం చుక్కచుక్కగా వేస్తుంది. చూస్తుండగానే నీళ్లు కాటుకలా నల్లబడతాయి. అందులో ఉన్నవి కంటికి ఆనని నలుసులు. వాటికి ఆకు సారం ఒక పూత, ఆముదం మరో పూత. ఆ పూతలుంటే ఒంటికి హాని చేయవట, ఒకదానికొకటి అంటుకోవట. వాటికి మందు తగిలించి లోపలికి పంపి, బయట అయస్కాంతం పట్టుకుని, జబ్బున్న చోటికి నడిపించాలని ఆమె ఆశ. మా కాలంలో ఆముదం పిల్లలకి ముక్కు మూసి తాగించేవాళ్లు, నువ్వు ఇనుముకి తాగిస్తున్నావా అని అడిగాను. ఇనుము మీకంటే నయం, ముఖం చిట్లించదు అంది.

ఈ మహాకార్యంలో నా వంతు మునగాకు. మా పెరట్లో చెట్టుంది. వారానికి రెండుసార్లు సంచిలో కోసుకొచ్చి ఇస్తాను.

మొదట చేసిన ద్రవాలన్నీ బాగా నిలిచాయి. సీసా కింద అయస్కాంతం పెడితే ముళ్లపంది వీపులా ముళ్లు లేచేవి, తీస్తే అద్దంలా చదునయ్యేవి. ఈమధ్య చేసినవి మాత్రం తెల్లారేసరికి అడుగున మడ్డి, పైన తేట. వచ్చే శుక్రవారం ఆసుపత్రి నుంచి పెద్ద డాక్టరు వస్తున్నాడు. ద్రవం కుదురుగా ఉంటే జీవకణాల మీద పరీక్షలకి తీసుకెళతాడు. మడ్డి దిగితే ఒంట్లోనూ గడ్డకడుతుందని వెనక్కి వెళ్లిపోతాడు. అప్పుడీ గది పక్క శాఖకి ఇచ్చేస్తారు, ఆమె ఇన్నేళ్ల పని అటకెక్కుతుంది.

పిట్ట ఆముదం మార్చింది, నీళ్లు మార్చింది, గాజు సామానంతా మళ్లీ కడిగించింది. కడిగిన సహాయకుడికి మేం పెట్టుకున్న పేరు మూగనోము. నలభై ఏళ్ల మనిషి, అవును కాదు తప్ప మూడో మాట ఆడడు. తప్పు ఎక్కడుందో తెలిసిందా అంటే అతనూ తల అడ్డంగా ఊపాడు.

ఆ మధ్యాహ్నం పిట్ట సరిగ్గా తినలేదు. రొట్టె తుంచి, తుంచిన ముక్కని మళ్లీ తుంచుతోంది. నాకు ఏదో ఒకటి చెప్పి ఊరడించాలనిపించింది.

“నీ ఆముదం సంగతేమో గానీ, నా ఆకుకి మాత్రం వంక పెట్టలేవు,” అన్నాను. “ఒక్క ముదురాకు లేదు. అన్నీ చిగుళ్లే.”

“ఎప్పట్నుంచి?”

“పోయిన నెల నా సంచి చూసి నువ్వు పశువుల మేత తెచ్చారన్నావు చూడు, అప్పట్నుంచి. పురుగు కొరికినవీ, పండినవీ పక్కన పెట్టేస్తున్నా. ఒక్కో ఆకూ ఏరి...”

నేనింకా నా ఓపికని వర్ణిస్తూనే ఉన్నాను. పిట్ట చేతిలో రొట్టె కింద పెట్టేసింది.

“బావగారూ, అది హాస్యానికన్నాను.”

“అదీ తెలుసు. కానీ రోషం ఉండదా?”

“మీ రోషం నా సీసా అడుగున మడ్డి కట్టింది.”

ముదురాకులో ఉండే వగరే నలుసుల్ని పట్టి ఉంచుతోందేమో, లేతాకులో అది చాలడం లేదేమో అని ఆమె అనుమానం. అది నిజమో కాదో చేసి చూస్తే గాని తెలియదు. ఆకు బరువు తూచిందే తప్ప, వయసు అడగాలని ఆమెకి తోచలేదు. చెప్పాలని నాకూ తోచలేదు. గుమ్మంలో నిలబడి వింటున్న మూగనోము అవునన్నాడు.

అప్పటికప్పుడు బయల్దేరి ముగ్గురం మా పెరట్లో చేరాం. మునగ కొమ్మ పుటుక్కున విరిగే రకం కాబట్టి కుర్చీ వేసుకుని నేను ఎక్కాను, మూగనోము కుర్చీ పట్టుకున్నాడు. పిట్ట కింద నుంచి అజమాయిషీ.

“ఆ పురుగు కొరికింది తుంచండి. అబ్బ, ఎంత నైపుణ్యం! మీ అంత ఆకు కోసేవాడు ఈ చుట్టుపక్కల లేడు.”

“నన్ను పొగిడి మునగచెట్టు ఎక్కించకు.”

“ఎక్కింది కుర్చీయే, దిగండి.”

నవ్వింది. నవ్వుతూనే వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకుంది. శుక్రవారం ఆమె మనసులోంచి కదల్లేదని అర్థమై నేను ఇంకో రెండు గుప్పెళ్లు కోశాను.

ఆ ముదురాకుతో పాత పద్ధతిలోనే ద్రవం చేసింది. మర్నాడు నిలిచింది. ఆ మర్నాడూ నిలిచింది. ప్రతి పొద్దునా నేను వెళ్లేసరికి ఆమె సీసాకి ముక్కు ఆనించి చూస్తూ ఉండేది. ఊపిరి తగిలితే దానికి జలుబు చేస్తుందని చెప్పి చూశాను. వినలేదు.

డాక్టరు శుక్రవారం సాయంత్రం వచ్చాడు. అయస్కాంతం పెట్టాడు, తీశాడు, సీసా తలకిందులు చేశాడు, వెలుతురుకి పట్టాడు. పిట్ట ముఖం ఆముదం తాగినట్టే ఉంది. ఇందులో ఏ ఆకు వాడారని అడిగాడు.

“ముదురు మునగాకు,” అంది. తర్వాత నా వైపు చూసి, “కాస్త పురుగు కొరికింది,” అంది.

డాక్టరు తల ఊపి, పరీక్షలు మొదలుపెడతానని ఒక సీసా చేతిసంచిలో, రుమాలు చుట్టి మరీ పెట్టుకున్నాడు. గది ఉంటుంది. ఆయన వెళ్లాక పిట్ట చాలాసేపు స్టూలు మీద కూర్చుంది. వేళాకోళం చేయాలని నాకు రెండు మూడు మాటలు నోటిదాకా వచ్చాయి గాని, మింగేశాను.

చీకటి పడుతుంటే రెండో సీసాని అరలో, గోడకి దూరంగా పెట్టింది. మూగనోము దీపం ఆర్పి బయటికొచ్చాడు. పిట్ట నన్ను బయటికి నడవమని సైగ చేసి, లోపలున్న సీసా అదిరిపోతుందేమోనన్నట్టు, రెండు చేతులతో తలుపు మెల్లగా దగ్గరికి లాగి గడియ వేసింది.