రెండు అంటే సిద్ధం

నేను ఒక చిన్న ఫంక్షన్‌ని. భోజనాలు పెట్టే ఫంక్షన్ కాదు, కంప్యూటర్ ప్రోగ్రాములో నాలుగు వరుసల ముక్కని. అంకె ఇస్తే మాట ఇస్తాను. అంతే నా బతుకు.

కాకినాడలో ఒక బ్లడ్ బ్యాంకు వెబ్‌సైటు కోసం ఇందుమతి అనే అమ్మాయి నన్ను రాసింది. ఏ రక్తం సంచి ఏ స్థితిలో ఉందో కంప్యూటరు అంకెల్లోనే దాచుకుంటుంది. సున్నా అంటే పరీక్షలో ఉంది, ఒకటి అంటే సిద్ధం, రెండు అంటే వాడకూడదు. మనుషులకేమో ఉత్త అంకెలు చూస్తే చిరాకు. వాటిని తెరమీద మాటలుగా మార్చడం నా పని.

ఆమె ఉద్యోగం మారాక శశాంక్ చేతిలో పడ్డాను. 'సేకరించాం' అనే స్థితి కూడా కావాలని బ్లడ్ బ్యాంకువాళ్లు అడిగారు. సేకరించడం అన్నిటికంటే ముందు జరిగేదే కదా అని, అతను ఆ మాటను అన్నిటికంటే పైన పెట్టాడు. నేను పైనుంచి సున్నా, ఒకటి, రెండు అని వరుసగా లెక్కపెడతాను కాబట్టి మిగతావన్నీ ఒక్కో మెట్టు కిందికి జరిగాయి. పాత సంచులకు రాసుకున్న అంకెలు మాత్రం మారలేదు. ఇక రెండు అంటే సిద్ధం! అరుద్దామంటే నాకు గొంతు లేదు.

మర్నాడు మధ్యాహ్నం, కాన్పులో రక్తం ఆగని ఒక తల్లికి ఓ నెగటివ్ రక్తం కావాలని ఆసుపత్రి నుంచి బ్లడ్ బ్యాంకుకి ఫోను. టెక్నీషియన్ జోసెఫ్ వెతికితే ఒక్క సంచే దొరికింది. దాని అంకె రెండు. కామెర్ల వైరస్ ఉందని తేలిన రక్తమది. "సిద్ధం" అన్నాను, ఆకుపచ్చ రంగులో.

జోసెఫ్ వెళ్లి వెనక్కి వచ్చాడు. ఆ సంచి పారేయాల్సినవి పెట్టే ఫ్రిజ్‌లో ఉంది. పరీక్ష చేసినవాళ్లు భోజనానికి వెళ్లారు. అనుమానంతో పేజీ మళ్లీ తెరిచాడు. మళ్లీ "సిద్ధం" అన్నాను. అప్పుడు నేను పడ్డ భయం పగవాడికి కూడా వద్దు.

శశాంక్‌కి ఫోన్ చేశాడు. "ఏమయ్యా, పారేసే ఫ్రిజ్‌లో ఉన్న సంచిని నీ సైటు సిద్ధం అంటందేంటి?"

"సైటులో ఉందంటే కరెక్టేనండీ. మీవాళ్లే పొరపాటున అక్కడ పెట్టుంటారు."

"అంతేనంటావా? అవతల ప్రాణం మీదికొచ్చింది. ఇచ్చేస్తున్నా మరి."

శశాంక్ గబగబా నన్ను తెరిచి చూశాడు. తర్వాత, "సార్, వద్దండీ! ఆ సంచి ముట్టుకోకండి! నిన్న నేను పైన ఒకటి చేర్చాను..."

రక్తం ఇంకో బ్లడ్ బ్యాంకు నుంచి వచ్చింది. తల్లి బతికింది. శశాంక్ ప్రతి మాటనూ దాని పాత అంకెకే కట్టేసి, కొత్తదాన్ని చివర పెట్టాడు. ఇప్పుడు నేను నిజమే చెబుతున్నాను. కానీ ఆ రోజూ ఇదే ధీమాతో, ఇదే ఆకుపచ్చ రంగులో చెప్పాను. రేపు నా మీద ఎవరి చెయ్యి పడుతుందో అని ఇప్పటికీ బెంగే.

జోసెఫ్ మాత్రం ఇప్పుడు నేను "సిద్ధం" అన్నా వినడు. పరీక్ష చేసినవాళ్లను ఓ మాట అడిగిగానీ సంచి కదపడు. నన్ను నమ్మని ఆ మనిషికి, చేతులుంటే దండం పెట్టేదాన్ని.