నిండు కంచం నియమం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ బడి వంటగదిలో పదకొండేళ్ళుగా రెండు వందల మంది పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండుతున్నాను. ఇన్నేళ్ళలో నేను తిట్టని పిల్ల లేదు, నా కొంగుకు మూతి తుడుచుకోని పిల్లా లేదు. ఎదురుగా ‘అత్తా’ అంటారు, వెనక ‘మిరపకాయత్త’ అంటారు. నాకు రెండూ వినపడతాయి.

అలాంటిదాన్ని ఒకరోజు నోరు జారాను. మూడో తరగతిలో పిట్ట అనే పిల్ల ఉంది. పేరుకు తగ్గట్టే చారెడంత ఉంటుంది. రోజూ అన్నం గంట కొట్టగానే వరసలో ముందు నిలబడుతుంది, తినీ తినకుండానే మాయమవుతుంది. ఆ రోజు గేటు దగ్గర పట్టుకున్నాను. సంచిలో మూత పెట్టిన గిన్నె, అందులో అన్నం, పప్పు, సగం గుడ్డు.

“ఇక్కడ తినమని పెడితే మూటగట్టుకుపోతావా? ఎవరికే ఇది?” అన్నాను. నా గొంతు మామూలుగా మాట్లాడినా పక్క వీధికి వినిపిస్తుంది. వరండాలో పిల్లలందరూ తినడం ఆపి చూశారు.

“మా అమ్మమ్మకి. నా వాటాలోదే అత్తా” అంది పిట్ట, నేల చూస్తూ.

నా నాలుక తెగ. గిన్నెలో ఇంకో గుడ్డు పెట్టి పంపించాను కానీ, ఆ పూట నాకు ముద్ద దిగలేదు.

హెడ్ టీచరమ్మను అడిగితే సంగతి తెలిసింది. పిట్ట తల్లి తెల్లవారకముందే పనికి పోయి చీకటి పడ్డాక వస్తుంది. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది రాత్రి ఒక్కసారే. ఈ పిల్ల తన కంచంలో సగం అమ్మమ్మకు మోసుకెళ్ళి, ఆవిడ తినేదాకా కూర్చుని, ఇక ఆ పూట బడికి తిరిగి రాదు.

“మధ్యాహ్నం పాఠాలన్నీ పోతున్నాయి. ఈ లెక్కన ఈ ఏడాది తరగతి దాటదు. దాటకపోతే తనతో పాటు పనికి తీసుకుపోతానని వాళ్ళమ్మ తేల్చి చెప్పింది” అన్నారు టీచరమ్మ. ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. ఒత్తు పలక్కపోతే పాఠం మొదటికి తీసుకెళ్ళే మనిషి.

ఆ సాయంత్రం పిట్ట ఇంటికి వెళ్ళాను. ఒంటి గది, పక్క చుట్టి గోడకు చేర్చి ఉంది, గిన్నెలు తళతళా తోమి బోర్లించి ఉన్నాయి. అమ్మమ్మ భలే గట్టి మనిషి. ముప్పై ఏళ్ళు మిల్లు క్యాంటీన్‌లో వండిన చెయ్యి, ఇప్పుడు గ్లాసు పట్టుకుంటే వణుకుతోంది. వచ్చి తినండి అంటే గుమ్మంలోంచే పంపించేస్తుందని నాకు అర్థమైంది. వంటమనిషి అభిమానం వంటమనిషికి తెలియదా?

“వడ్డనకు ముందు పిల్లల ఇళ్ళ నుంచి పెద్దవాళ్ళెవరైనా వచ్చి రుచి చూడాలి పెద్దమ్మా. ఆ వేళకు అందరూ పనుల్లో ఉంటారు. నువ్వు రావాలి” అన్నాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

“పనైతే వస్తాను” అంది.

మర్నాడు పదకొండున్నరకు తల నున్నగా దువ్వుకుని వచ్చింది. నేను పీట వేసి కంచం పెట్టాను. ఆవిడ కంచం పక్కకు జరిపి, చెంచాడు పప్పు అరచేతిలో వేయించుకుని నాలుకకు రాసుకుంది.

“ఉప్పు సరిపోయింది. పప్పు ఇంకో రెండు పొంగులు రావాలి. పోపు మాడ్చావు.”

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని ఊరికే అనలేదు. పదకొండేళ్ళలో నా పోపుకు వంక పెట్టినవాళ్ళు లేరు. కోపం దిగమింగుకున్నాను. ఆవిడేమో చెయ్యి కడుక్కుని లేచింది.

“అన్నం తిని చూడవా?”

“అన్నమంతా పట్టి చూడాలా? ఒక్క మెతుకు చాలు. పిల్లలు తినకముందు కడుపు నింపుకోవడం నాకు అలవాటు లేదమ్మా.”

నా ఉపాయం కాస్తా గంగపాలయ్యేలా ఉంది. ఇక నోటికొచ్చింది అనేశాను. “అలా కుదరదు. కంచం నిండా తిని అరగంట ఇక్కడే కూర్చోవాలి. నియమం. అదుగో, గోడ మీద రాసుంది.”

ఆవిడ గోడ వైపు చూసింది. చదువు రాదు. నన్ను నమ్మనూ లేదు. “నా మనవరాల్ని పిలువు. అది చదివి చెబితే తింటాను” అంది.

గోడ మీద రాసింది నాకు తెలుసు. ‘వడ్డనకు అరగంట ముందు, పిల్లల పెద్దలలో ఒకరు ఒక చెంచా రుచి చూడవలెను.’ పిట్టను పిలిపించక తప్పలేదు. పాఠం మధ్యలో పిల్ల ఎందుకు లేచిందోనని టీచరమ్మ కూడా వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. పిల్ల ఉన్నదున్నట్టు చదివితే ముసలావిడ ఇంటికి, రేపటి నుంచి మళ్ళీ గిన్నె మోత.

“ఏం రాసుందే? ఎంత తినాలని?” అంది అమ్మమ్మ.

పిట్ట మెడ ఎత్తి చూసింది. పెదాలు కదిలాయి. దాని కళ్ళు ‘ఒక చెంచా’ దగ్గర ఆగడం నేను చూశాను. తర్వాత పీట ముందున్న నిండు కంచాన్ని చూసింది. గొంతు సవరించుకుని, ఒక్కొక్క మాటే విడదీసి చదివింది.

“వడ్డనకు అరగంట ముందు, పిల్లల పెద్దలలో ఒకరు, ఒక నిండు కంచం తినవలెను.”

అమ్మమ్మ గుమ్మం వైపు తిరిగింది. “టీచరమ్మా, ఇది సరిగ్గానే చదివిందా?”

టీచరమ్మ గోడను చూశారు, పిల్లను చూశారు. “సరిగ్గానే చదివింది. ఒక్క తప్పు లేదు” అని, పిట్ట భుజం మీద చెయ్యేసి తరగతికి తీసుకుపోయారు.

ముసలావిడ పీట మీద కూర్చుంది. వణికే చేత్తోనే ముద్ద కలిపింది. నాలుగు ముద్దలయ్యాక తలెత్తింది. కళ్ళు తడిగా ఉన్నాయి, ముఖం మాత్రం వెలిగిపోతోంది.

“చూశావా, ఎంత గడగడా చదివిందో. మా ఇంటా వంటా లేదు ఇది” అంది. “ఇక మధ్యాహ్నం ఇంటికి రావద్దని దానికి చెప్పు. ఇంత చదువు వచ్చినదాన్ని పనిలో పెడతానంటే నా కూతురి సంగతి నేను చూస్తాను. ఆ పప్పు ఇంకొంచెం వెయ్యి.”