ఆకుపచ్చ ఫిల్టర్‌లో అక్క భుజం

మన స్టూడియో ఫోటోగ్రాఫర్ తన బావను ఒంటిచేత్తో ఎత్తి వీధిలోకి విసిరేశాడు. బావంటే ఆషామాషీ శాల్తీ కాదు, పొడవుకు తలుపు, వెడల్పుకు బీరువా.

గొడవ ఎలా మొదలైందంటే, బావ బెల్టు తీసి అక్కను బాదాడు. భుజమంతా ఎర్రటి వాతలు. స్టేషన్లో ఎస్సై ఫోటోలు తెస్తే కేసు రాస్తానన్నాడు, లేకుంటే రాజీపడి మొగుడి ఇంటికే పొమ్మన్నాడు.

తమ్ముడే నలుపు-తెలుపు రీలు మీద తీశాడు. మబ్బుల పిచ్చోడు కదా, ఆకాశం నల్లగా రావడానికి లెన్సుకు తగిలించిన ఎర్ర ఫిల్టర్ తియ్యడం మరిచిపోయాడు. అది ఎరుపునంతా తెల్లగా మార్చేస్తుంది. వాతలన్నీ మాయమై భుజం మీగడలా వచ్చింది. మీ అక్క ఏ సబ్బు వాడుతుందని ఎస్సై అడిగాడు.

అక్క వాతలు వెలిసిపోతున్నాయి. ఇంకో పొరపాటుకు వ్యవధి లేదు. అందుకని ముందు తన మీదే పరీక్ష పెట్టుకున్నాడు. కెమెరా స్టాండు కాలు ఊడదీసి, ఎడమ ముంజేతి మీద చార తేలేదాకా బాదుకున్నాడు. పసుపు ఫిల్టర్ ఆ చారను సగం మింగింది. నీలం చర్మాన్నంతా మసి చేసింది. ఆకుపచ్చ పనికొచ్చింది గానీ, ఫిల్ము కడిగే మందు, అదే డెవలపర్, అందులో యాభై పాళ్లు నీళ్లు కలిపితే చార బూడిదలా నీరసంగా తేలింది. ఇంకోసారి బాదుకుని, నీళ్లు సగానికి తగ్గించాడు. అప్పుడు బొగ్గుతో గీసినట్టు వచ్చింది.

"ఆయన కొట్టింది చాలదని నువ్వు కూడా మొదలెట్టావట్రా?" అంది అక్క.

ఆమె ఫోటోలు తీసి, రీలును డబ్బాలో బిగించి, మందు పోశాడు. ఆరు నిమిషాలు ఉంచాలి, నిమిషానికోసారి డబ్బాను బోర్లించి తిప్పాలి. రెండో నిమిషంలో బావ తలుపు తన్నుకుని వచ్చాడు. మూత బిగించిన డబ్బాకు వెలుతురు భయం లేదు. భయమంతా బావ చేతిలోని ఇనుప కడ్డీతోనే.

మొదటి దెబ్బకు ఎడమ చెయ్యి పుటుక్కుమంది. ఒంటిచెయ్యి అన్నానే, ఇదీ దాని సంగతి. ఇక విసరడమంటారా, విసిరింది బావే. తమ్ముడు ఫోటోలు కడిగే తొట్టి అంచుకు కొట్టుకుని కిందపడ్డాడు, రెండు పళ్లు రాలాయి. బావ పక్కటెముకల్లో తన్నుతుంటే, డబ్బాను పొట్ట కింద దాచుకుని మూడో నిమిషానికీ తిప్పాడు, నాలుగో నిమిషానికీ తిప్పాడు.

అక్క వెనక నుంచి వచ్చి స్టాండు కాలు అందుకుంది. బావ మోకాలి మీద ఒకటి, కడ్డీ పట్టిన మణికట్టు మీద ఇంకొకటి వేసింది. కడ్డీ జారింది. కూలిన మనిషి గొంతు మీద స్టాండు కాలు ఆనించి నిలబడింది.

"ఎంతసేపైందిరా?"

"నాలుగున్నర."

"కానియ్యి."

సాయంత్రం ఎస్సై ముందు పెట్టిన ఫోటోలో బెల్టు బకిలు అచ్చు కూడా స్పష్టంగా కనబడింది. ఆయన సబ్బు ఊసెత్తలేదు, కాగితం తీసి రాసుకున్నాడు. అక్క ఆ ఇంటికి తిరిగి వెళ్లలేదు.

మొదట్లో చెప్పిన ఆ విసరడం పోగా, ఇందులో "నాలుగున్నర" ఒక్కటే నా కల్పన. నోటి నిండా నెత్తురున్నవాడికి మాటెక్కడ పెగులుతుంది? గోడ గడియారం అక్కే చూసుకుంది.