గిన్నెలో మిగిలిన కూర

ఉదయగిరిలో వంటంటే తనదేనని కామమ్మకు ఇరవై ఏళ్లుగా గట్టి నమ్మకం. సాక్ష్యం కావాలంటే మొగుడు రామనారాయణే ఉన్నాడు. బట్టల కొట్టు కట్టేసి వచ్చి పీట మీద కూర్చున్నాడంటే పెట్టినవన్నీ మింగి, గిన్నెలు కూడా వేలితో తుడిచి లేచేవాడు.

అసలు సంగతేమిటంటే, తన వంట ఎలా ఉంటుందో కామమ్మకే తెలియదు. నైవేద్యం పెట్టకముందు రుచి చూడకూడదు. పెట్టాక మొగుడు తినాలి. మొగుడు తిన్నాక గిన్నెలో ఏమీ ఉండదు. ఆవిడ పుట్టింటి ఊరగాయ నంజుకుని మజ్జిగన్నం తినేది. దేవుడంటారా, ఆయన ఏనాడూ నోరు విప్పలేదు.

ఇలా ఉండగా రామనారాయణ ఆత్మకూరు పోతుంటే, దుత్తలూరు దగ్గర బొగ్గుతో నడిచే బస్సు ఎగిరిపడి ముందు సీటు కమ్మీకి మూతి కొట్టుకుంది. పై పళ్లు నాలుగు కదిలాయి. నెల్లూరు పళ్ల డాక్టరు వాటిని తీగతో బిగించి కట్టాడు.

"రెండు నెలలు గట్టివి ముట్టొద్దండి. మెత్తటిదైనా దవడ పళ్లతో మెల్లగా నమలండి. ఆబగా తింటే తీగ తెగిపోతాది" అన్నాడు.

కామమ్మ కొంగు బిగించింది. సొరకాయ ఉడికించి మెదిపింది, పప్పు వెన్నలా ఎనిపింది. రామనారాయణ ఒక్కో ముద్ద ఎద్దు నెమరేసినట్టు నమిలి, సగంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు. రోజూ అంతే. వారం తిరిగేసరికి చొక్కా వదులైంది.

"ఆ తీగ పాడుగాను! మనిషి సగమైపోయినాడు" అని కామమ్మ కళ్లొత్తుకుంది. మొగుడు తినంది తన గొంతు మాత్రం దిగుతుందా? మిగిలిందంతా బర్రె కుడితిలో పోసింది. ఎనిమిదో నాడు బర్రె కూడా మూతి తిప్పుకుంది.

దీనికేం రోగమనుకుంటూ కామమ్మ గిన్నెలోంచి కాస్త తీసి నోట్లో వేసుకుంది. ఉప్పు జాడ లేదు. పులుపు నషాళానికంటింది. మెంతులు మాడి చేదు. మింగలేక కక్కలేక మొగుడి దగ్గరికి పరుగెత్తింది.

"ఏమండీ, ఇన్నేళ్లూ దీన్నేనా తిన్నారు?"

"నాకేం తెలుసే! నాలిక్కి తగలకముందే గొంతు దిగిపోయేది గదా. ఈ తీగ వచ్చినాకే తెలిసింది."

"మరి చెప్పొచ్చు గదా!"

"ఏడుస్తావని చెప్పలేదు."

కామమ్మ ఏడవనే ఏడ్చింది. ఎంత సిగ్గేసిందో చెప్పలేం. మర్నాటి నుంచి పొద్దున్నే దేవుడికి బెల్లం ముక్క నైవేద్యం పెట్టేసి, ఇక ధైర్యంగా పొయ్యి దగ్గరే రుచి చూడసాగింది. చూసిన కొద్దీ చెయ్యి కుదిరింది. మొగుడి చొక్కా మళ్లీ బిగుతైంది. "బాగుండాదే" అని అతను అన్న పూట ఆవిడకు ఆకలి కూడా వేయలేదు.

రెండు నెలలకు తీగ తీసేశారు. ఆ రోజు కామమ్మ గుత్తివంకాయ చేసింది. అంత బాగా ఎన్నడూ కుదరలేదు. ఆ ఒక్క మాట కోసం గుమ్మం పట్టుకుని నిలబడింది. రామనారాయణ అయిదు ముద్దల్లో విస్తరి ఖాళీ చేసి, గిన్నె తుడిచి, త్రేన్చి లేచాడు.

"ఇంతకీ ఏం కూరే ఇది?"

కామమ్మ ముందుగానే తీసి దాచుకున్న గిన్నె తెచ్చుకుని, అదే పీట మీద కూర్చుని, కళ్లు మూసుకుని మెల్లగా తినసాగింది. వాసనకు రామనారాయణ వెనక్కి తిరిగొచ్చాడు.

"ఇంకొంచెం ఉండాదా?"

"ఉండాది. పోయి, తీగ కట్టించుకుని రండి."